మధ్యాహ్నానికి ముగ్గురు ఉపాధ్యక్షులు

ఆ శుక్రవారం పొద్దున గంగాప్రసాద్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికి మస్కట్‌లోని వాడి కబీర్ పేటకు వెళ్లి దర్జీ ఖమరుద్దీన్ కుట్టిన కండువాలు తెచ్చుకోవాలి. వాటిలో మొదటిది ఆ ఖమరుద్దీన్ మెడలోనే వేసి, తన పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడమని అడగాలి. సాయంత్రం ఐదు లోపల ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం తెలుగువాళ్ల సంఘం ఎన్నికల అధికారి చేతిలో పెట్టాలి. చిన్నపిల్లలు కూడా చేయగలిగిన పని. కాకపోతే చిన్నపిల్లలకు గంగాప్రసాద్‌కు ఉన్నంత కోపం ఉండదు.

అతనికి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. అది తప్పు. ముక్కు మీద ఉంటే కనీసం కనబడుతుంది, తప్పుకుని పోవచ్చు. గంగాప్రసాద్ కోపం ఎక్కడుంటుందో అతని భార్య కవితకే తెలియదు. జగిత్యాల దగ్గర పల్లెటూరు నుంచి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో ఉంటూ, అల్ అమెరాత్‌లో ఒక కట్టుబడి కంపెనీలో ఫోర్మన్‌గా చేస్తున్నాడు. సైటులో లిఫ్టు ఆలస్యమైతే లిఫ్టు నడిపేవాణ్ణి కాదు, లిఫ్టునే తిడతాడు.

అయితే ఈసారి వచ్చిన కోపం మాత్రం న్యాయమైనది. పక్క ఊరి గంగన్న ఇక్కడే ఇంకో కంపెనీలో షట్టరింగ్ కార్పెంటరు. రెండు నెలల కింద పరంజా మీది నుంచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది. ఇక పని చేయలేడు, ఇంటికి పంపిస్తామని కంపెనీ చెప్పింది. చెప్పి ఊరుకుంది. క్యాంపు రూములో మంచం మీద పడి ఉన్న మనిషిని ఇవాళ రేపు అంటూ తిప్పింది. కంపెనీ కాగితాల పని చూసే మందూబ్ అడిగేది ఒక్కటే. నడవలేని మనిషిని సామానులా విమానంలో వేయలేం కదా, హైదరాబాదులో ఇతన్ని ఎవరు దించుకుంటారో చెప్పి బయటి మనిషి ఒకడు, కొంచెం హోదా ఉన్నవాడు, పూచీ సంతకం పెట్టాలి.

అలాంటి సంతకాలు పెట్టడానికే కదా సంఘాలు. మూడువందల పన్నెండు మంది సభ్యులున్న మన మిత్రమండలి ఉంది, దానికి నర్సింగ్ అనే అధ్యక్షుడు ఉన్నాడు, ఆ అధ్యక్షుడికి ఒక ఫోను కూడా ఉంది. గంగన్న ఆ ఫోనుకు నలభై ఒక్కసార్లు చేశాడు. పడుకున్న మనిషికి వేరే పనేముంది, లెక్కపెట్టుకున్నాడు. ఒక్కసారి కూడా ఎత్తలేదు. దాంతో గంగాప్రసాద్ తానే మందూబ్ దగ్గరకు వెళ్లి బల్ల గుద్ది అరిచాడు. మందూబ్ కింది నుంచి పై దాకా చూసి, "తుమ్ కౌన్?" అని మాత్రం అడిగాడు.

ఆరడుగుల మనిషి లోపల లెక్క వేసుకున్నాడు. బంధువా అంటే కాదు. అదే కంపెనీయా అంటే కాదు. సంఘంలో ఏదైనా పదవి ఉందా అంటే అదీ లేదు. ఆ రోజు బయటకు వచ్చి కారు తలుపు వేసిన వేటుకు అద్దం దిగిపోయింది. ఇంటికి రాగానే కవితతో తాను అధ్యక్షుడిగా నిలబడుతున్నానని చెప్పాడు. గంగన్నను ఇంటికి పంపడమే ఆ ఎన్నికలో అతని మొదటి వాగ్దానం, రెండోది, మూడోది కూడా అదే.

ఒక్కడే నిలబడితే సరిపోయేది. కానీ ఈ ఏడు జోడీ పద్ధతి పెట్టారు. కిందటిసారి అధ్యక్షుడు ఒక వర్గం నుంచి, ఉపాధ్యక్షుడు ఇంకో వర్గం నుంచి గెలిచి, ఒకే రోజు రెండు హాళ్లలో రెండు బతుకమ్మలు ఆడించారు. పాటలు పెట్టేవాడు ఒక్కడే కావడంతో పాపం వాడు స్పీకర్లు మోసుకుని రెండు హాళ్ల మధ్య తిరిగాడు. ఆ అవమానం తర్వాత ఎన్నికల అధికారి ఓంకార్ తొమ్మిది పేజీల నియమావళి రాశాడు. ఆఫీసులో టైపు చేసే మనిషి, కాగితం చూస్తే ఆగలేడు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఒకే కాగితం మీద జంటగా రావాలి, జంట లేని కాగితం తీసుకోరు, కాగితం అందేదాకా జంట పేర్లు బయటపెట్టకూడదు అని అందులో ఉంది. ఆ చివరి ముక్క దాకా గంగాప్రసాద్ చదవలేదు.

గంగాప్రసాద్ ఎంచుకున్న జంట ఖమరుద్దీన్. నిజామాబాద్ మనిషి, ముప్పై ఏళ్లుగా దర్జీ. ఆయన ఔనంటే తొంభై ఓట్లు కదులుతాయి. మూడు డజన్ల కండువాలు ఆయన దగ్గరే కుట్టించాడు. రంగు ఊదా, ఎందుకంటే మిగతా రంగులన్నీ ఊళ్లో ఏదో ఒక పార్టీ వాడేసింది. మనవాళ్లకు కండువా అంటే గుడ్డ కాదు. మెడలో పడిందా, మనిషి ఆ పక్షంలో పడ్డట్టే. ఎందుకు వేశారు, ఎవరు వేశారు, చలికి వేశారా అని ఒక్కడూ అడగడు. అరబ్బు దేశం వచ్చినా ఆ జబ్బు పాస్‌పోర్టుతో పాటే దిగింది.

బయలుదేరేముందు కవితకు ఆజ్ఞలు జారీ అయ్యాయి. నేను పంపే మొదటి ఫోటో ఉపాధ్యక్షుడిది, అందగానే మండలి గ్రూపులో పెట్టు, కింద రాయాల్సింది నిన్ననే రాసిచ్చాను, మధ్యలో ఫోన్ చేసి ప్రశ్నలడగొద్దు. ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బి పది ఇళ్లకు అమ్ముకునే కవితకు ప్రశ్నలడిగే తీరిక ఎటూ లేదు. సరేనంది.

వాడి కబీర్‌లో ఖమరుద్దీన్ దుకాణం షట్టరు సగం దించి ఉంది. ఆయన లేడు. శుక్రవారం ఒక ముఖ్యమైన మాట మాట్లాడాలని గంగాప్రసాద్ ముందే చెప్పి ఉండటంతో ఆయనకు సంగతి అర్థమైంది. అంత పెద్ద మాట దుకాణంలో నిలబడి మాట్లాడరని, మర్యాద తెలిసినవాడు ఇంటికి వస్తాడని, తలంటుకుని కొత్త షేర్వానీ తొడుక్కుని ఇంట్లో కూర్చున్నాడు. కండువాల మూట పక్క దుకాణంలో ఏసీలు బాగుచేసే రషీద్ దగ్గర పెట్టి వెళ్లాడు. రషీద్ కడపవాడు, నెమ్మదస్తుడు, ఇచ్చిన వస్తువు ఇచ్చినట్టు అప్పగించే మనిషి.

మూట విప్పగానే గంగాప్రసాద్‌కు కండువాలు పొట్టిగా కనబడ్డాయి. కోపం వచ్చింది. రషీద్‌ను వెలుతురులో నిలబెట్టి, మెడలో ఒక కండువా వేసి, వెనక్కు జరిగి చూశాడు. తేల్చుకోలేక ఫోటో తీసి కవితకు పంపాడు. పొడుగు సరిపోతుందా అని కింద రాయడం మొదలుపెట్టాడు. లావుపాటి వేళ్లు, చిన్న అక్షరాలు. అతను ఆ ప్రశ్న పూర్తిచేసేలోపు కవిత చెప్పిన పని చెప్పినట్టు చేసేసింది. మూడువందల పన్నెండు ఫోన్లలో కండువా వేసుకుని మెడ నిక్కించుకున్న రషీద్ ప్రత్యక్షమయ్యాడు. కింద గంగాప్రసాద్ స్వయంగా రాసిచ్చిన మాటలు: "మా జోడీ ఖాయం. ఫోను ఎత్తే నాయకత్వం."

గ్రూపులో దండాలు, పూలు, చప్పట్లు వానలా కురిశాయి. గంగాప్రసాద్ భార్యకు ఫోన్ చేసి ఒంటికాలి మీద లేచాడు. ఆమె గొంతు పెంచలేదు.

"అడగొద్దన్నవ్. అడగలే."

వెంటనే తీసెయ్యమన్నాడు. ఆమె చేతులకు పిండి ఉంది, కంగారులో తన ఫోనులో మాత్రమే తీసేసింది. ఇప్పుడా ఫోటో కవితకు తప్ప మిగిలిన మూడువందల పదకొండు మందికి కనబడుతోంది. తీసేశానన్న ధీమాతో ఆమె కింద ఇంకొకటి రాసింది. "పొరపాటయింది. ఈయన కాదు."

ఇక్కడ గంగాప్రసాద్‌కు తెలియని సంగతి ఒకటుంది. రషీద్ అప్పటికే ఇంకొకరి జోడీ. జుమ్మా నమాజు కాగానే నర్సింగ్‌తో కలిసి కాగితం ఇవ్వాల్సిన ఉపాధ్యక్ష అభ్యర్థి అతనే. ఓంకార్ నియమం ప్రకారం ఇద్దరూ గుట్టుగా ఉంచారు. ఇప్పుడు తన మనిషి ఎదుటివాడి కండువాలో కనబడేసరికి నర్సింగ్ గుండె మండిపోయి, రషీద్‌కు ఫోన్ చేసి, గోడ దూకినవాడివని, అమ్ముడుపోయినవాడివని, నీ మొహం చూపించొద్దని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఏం జరిగిందో చెప్పే సందు కూడా ఇవ్వలేదు. ఆ ఫోను పెట్టగానే రషీద్‌కు కవిత రాసిన రెండో ముక్క కనబడింది.

రషీద్ మెడలో కండువా ఇంకా అలాగే ఉంది. దుకాణం ముందుకు వచ్చి గంగాప్రసాద్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"నిలబడమంటివి, నిలబడితి. కండువా యేస్తివి, యేయించుకుంటి. ఆ పక్కోడు పొమ్మనె, నువ్వేమో ఈయన కాదంటివి. ఊరందరి ముందర ఇప్పుడు నేను యెవురు, అన్నా?"

ఒక్క క్షమాపణ చెబితే పోయేది. గంగాప్రసాద్ బతుకులో ఎవరికీ క్షమాపణ చెప్పిన పాపాన పోలేదు. కండువా పొట్టిగా కుట్టినవాణ్ణి అడుగు అని, మూట వెనక సీటులో పడేసి, కారు తీశాడు. రెండుసార్లు పీటల దాకా వచ్చి పెళ్లి తప్పిన పెళ్లికొడుకులా రషీద్ రోడ్డు మీద నిలబడిపోయాడు. ఆ మెత్తటి మనిషిని చూస్తే ఎవరికైనా మనసు ఏదోలా అవుతుంది. గంగాప్రసాద్‌కూ అయింది కానీ, అది రషీద్ మీది జాలో, తన మీది కోపమో తేల్చుకునేంతలో ఇంకొకరు కారు ఆపారు.

ఆమె శ్రీవాణి టీచరు. ఇక్కడి ఇండియన్ బడిలో లెక్కలు చెబుతుంది, మండలిలో ఆడవాళ్ల వ్యవహారాలన్నీ చూస్తుంది, ఊరు భీమవరం. తన బిల్డింగు గేటు ముందే చెయ్యెత్తి కారు ఆపించింది. బతుకమ్మ నాడు గంగాప్రసాద్ మైకు పుచ్చుకుని ఈసారి ఉపాధ్యక్ష పదవి ఆడపడుచులకే అని ప్రకటించాడు. మైకు చేతికొస్తే మనవాళ్లు ఏదైనా ఇచ్చేస్తారు. అన్నవాడు అప్పుడే మరిచిపోయాడు, విన్నవాళ్లు మరిచిపోలేదు.

కిటికీ దగ్గర నిలబడి ఆవిడ పది నిమిషాల పాటు అడిగింది. గొంతు పెంచలేదు, బడిలో అడిగినట్టే అడిగింది. "మీరన్నారా లేదాండి? అన్నారో లేదో అదొక్కటి చెప్పండి చాలు." అక్టోబరులో కూడా మస్కట్ ఎండ ఎండే. మాడు కాలుతుంటే వెనక కిటికీలోంచి చెయ్యి పెట్టి, పైకి వచ్చిన ఊదా గుడ్డ ఒకటి లాగి తల మీద కప్పుకుంది. అదేమిటో కూడా ఆవిడ చూడలేదు. మూడో అంతస్తు బాల్కనీలో ఉన్న మండలి ఆడవాళ్లు చూశారు. ఫోటో తీశారు. మాట నిలబెట్టుకున్న గంగాప్రసాద్ గారికి ధన్యవాదాలు, మన టీచరమ్మకు అభినందనలు అని గ్రూపులో పెట్టేశారు.

గంగాప్రసాద్ ఖమరుద్దీన్ గుమ్మం ఎక్కేసరికి పదకొండు దాటింది. ఆ రెండు ఫోటోలూ ఆయన అప్పటికే చూసి ఉన్నాడు. ఆయన కోప్పడితే బాగుండేది. రమ్మన్నాడు, కూర్చోమన్నాడు, కూతురు ఇఫ్రా చేత చల్లటి షర్బత్ ఇప్పించాడు. గంగాప్రసాద్ గ్లాసు ఖాళీ అయ్యాక తన షేర్వానీ గుండీ ఒకటి సర్దుకున్నాడు.

"కత్తెర మాది, మిషన్ మాది, చేతులు మావి. కండువా మాత్రం మా గోడ మీద ఏసీ నీళ్లు కార్చే రషీద్‌కు. తర్వాత టీచరమ్మకు. బహుత్ ఖూబ్ మియా."

తప్పంతా తనదేనని గంగాప్రసాద్‌కు తెలుసు. తప్పు తనదని తెలిసినప్పుడే అతనికి కోపం రెట్టింపవుతుంది. ముందు మీకే వేద్దామని వచ్చాను, మీరు దుకాణంలో ఎందుకు లేరు, పెద్దమనిషి అన్నవాడు చెప్పిన చోట ఉండొద్దా అని ఎదురు తిరిగాడు. అంతటితో ఆగినా సరే. చేతిలో ఉన్న కండువా తీసి, ఇదిగో వేస్తున్నా, ఇంకేం కావాలి అని ముసలాయన మెడలో విసురుగా పడేశాడు. తండ్రికి పదవి వస్తోందని పొద్దుటి నుంచి మురిసిపోతున్న ఇఫ్రాకు ఆ విసురు కనబడలేదు. కండువా మాత్రమే కనబడింది. ఫోటో తీసి, అబ్బాకు ముబారక్ అని గ్రూపులో పెట్టింది.

ఖమరుద్దీన్ కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, గంగాప్రసాద్ ఒళ్లో ఉంచాడు.

"కొలత తీయకుండ ఎవరి మెడలో ఏదీ వెయ్యరు. నాకొద్దు."

చెప్పులు తొడుక్కుని నమాజుకు వెళ్లిపోయాడు. ఆ విధంగా మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి గంగాప్రసాద్‌కు గ్రూపులో ముగ్గురు ఉపాధ్యక్షులున్నారు, చేతిలో ఒక్కడు కూడా లేడు. ఇది జోడీనా జాతరా అని ఎవడో రాశాడు. దాని కింద నవ్వే బొమ్మలు వందకు పైగా పడ్డాయి.

ఆ తర్వాత ఫోను మోగడం మొదలైంది. రషీద్ తరఫున కడపవాళ్లు, శ్రీవాణి తరఫున ఆవిడ భర్త, ఖమరుద్దీన్ తరఫున దుకాణాల వీధి వీధంతా. తనకెందుకు వెయ్యలేదని అడిగినవాళ్లు నలుగురు. ఇద్దరు రెండేసి కండువాలు పంపమన్నారు, పిల్లల డాన్సుకు కావాలట. ఒకడు ఏ సంబంధం లేకుండా తన పాస్‌పోర్టు సంగతి ఎత్తాడు. గంటలో ఇరవై ఆరు ఫోన్లు. గంగాప్రసాద్ ప్రతి ఒక్కరినీ తిట్టాడు, తిట్టించుకున్నాడు. ఇరవై ఏడోది మోగగానే ఎవరిదో కూడా చూడకుండా ఫోనే మొత్తానికి ఆపేసి, సీటు కిందకు విసిరేశాడు. మూసి ఉన్న చేపల దుకాణం ముందు కారు నిలబెట్టి, ఏసీ పెట్టుకుని, స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. ఫోను ఎత్తే నాయకత్వం అలా రెండున్నర దాకా కునుకు తీసింది.

ఇంటికి చేరేసరికి కవిత గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఫోనులోనూ ఉపాధ్యక్షుల తాలూకు జనం వరసగా దూరారు. అది కాస్త ఖాళీ అయ్యాక గంగన్న రూములోని మనిషి ఒకడు దొరకబుచ్చుకుని సంగతి చెప్పాడు. జుమ్మా కాగానే మందూబ్ క్యాంపుకు వచ్చాడు. రేపు పొద్దున విమానానికి టికెట్ వచ్చింది. మూడింటి లోపల పూచీ సంతకం పడాలి, పడకపోతే టికెట్ రద్దు, మళ్లీ ఎప్పుడో తెలియదు. మా గంగాప్రసాద్ అధ్యక్షుడు కాబోతున్నాడని గంగన్న చెప్పుకోవడంతో మందూబ్ తానే మూడుసార్లు గంగాప్రసాద్‌కు ఫోన్ చేశాడట.

కవిత చివరగా, "గంగన్న ఏడుసార్లు జేసిండట," అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

గంగాప్రసాద్ అన్నం ముట్టకుండా వెనక్కు తిరిగాడు. క్యాంపు పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలు అతను ఎవరినీ తిట్టలేదు. ముందు బండివాడు దారి ఇవ్వకపోయినా తిట్టలేదు. మూడు దాటి పది నిమిషాలైంది. రెండు నెలలు మంచం మీద పడి ఎదురుచూసిన మనిషి టికెట్ తన మూలాన పోయిందని, ఆ ముఖం ఎలా చూడాలని అనుకుంటూ కారు ఆపాడు.

క్యాంపు ముందు నర్సింగ్ పికప్ బండి నిలబడి ఉంది.

లోపల గంగన్న మంచం మీద దిండుకు ఆనుకుని, కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పెట్టెకు తాళ్లు కట్టి ఉన్నాయి. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నర్సింగ్ టీ తాగుతున్నాడు. సంతకం పడింది, మందూబ్ వెళ్లిపోయాడు, టికెట్ నిలబడింది. గంగాప్రసాద్‌ను చూడగానే గంగన్న ముఖం విప్పారింది. అందులో నిష్ఠూరమనేదే లేదు. అదే గంగాప్రసాద్‌కు ఎక్కువ తగిలింది.

"ముందుగాల నీకే జేసిన అన్నా. బందు అన్నది. టైమ్ దగ్గర పడ్డది, ఏం జెయ్యాలె, నర్సన్నకు జేసిన. ఒక్క రింగుకే ఎత్తిండు."

పని అయింది. కావలసింది అయింది. గంగాప్రసాద్ కళ్లల్లో నీళ్లు తిరగాల్సింది, తిరిగాయి కూడా. కానీ అవి దిగేలోపే కోపం అందుకుంది. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అన్నట్టు, ఓట్లు దగ్గర పడ్డాయని ఎత్తాడు తప్ప ఈ మనిషికి గంగన్న ఏమవుతాడు? రెండు నెలలు చచ్చాడో బతికాడో చూడని మనిషి కుర్చీలో కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. ఆ టీ చూసి గంగాప్రసాద్‌కు అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది.

"నలభై ఒక్కసార్లు జేసినప్పుడు యాడ సచ్చినవ్?"

నర్సింగ్ పొట్టి మనిషి, నీళ్ల ట్యాంకరు డ్రైవరు. గ్లాసు కింద పెట్టాడు. బుకాయిస్తాడనుకున్నారు అందరూ.

"అప్పుడు ఎలక్షన్లు లెవ్వు," అన్నాడు. "ఉన్నదే చెప్తున్న. రోజుకు అరవై ఫోన్లస్తయి. ఒకనికి వీసా, ఒకనికి పెండ్లాంతోని పంచాయితి, ఒకనికి ఊకెనే మాట్లాడాలె. మొదటి ఏడాది అన్నీ ఎత్తిన. ట్యాంకరు నడుపుకుంట ఎత్తి రెండుసార్లు గోడకు గుద్దిన. ఇంకోపారి గుద్దితే ఇంటికి పంపుతమని కంపెనీ కాయిదమిచ్చింది. తర్వాత ఎత్తుడు బందు పెట్టిన. నువ్వెన్ని ఎత్తినవ్ ఇయ్యాల?"

ఇరవై ఆరుకే ఫోను సీటు కింద పడేసినవాడు అరవైని ఏమని తిడతాడు?

అయినా ఊరుకోలేదు. మనిషి ఊరుకుంటే కదా. నర్సింగ్ కూడా ఊరుకోలేదు, నా రషీద్‌ను ఎందుకు ఎత్తుకుపోయావని అందుకున్నాడు. వాడు నీ మనిషని నాకేం ఎరుకని గంగాప్రసాద్ అరిచాడు. పొట్టి కండువా సంగతి అంతా బయటపడింది. రషీద్ ఇప్పుడు ఇద్దరిలో ఎవరి పక్కనా నిలబడడని కూడా తేలింది. సరిగ్గా అప్పుడే గ్రూపులో ఓంకార్ పెట్టిన వాయిస్ మెసేజ్ వినబడింది. నాలుగు గంటలైంది, ఇంతవరకు ఒక్క కాగితం కూడా రాలేదు, ఐదు లోపల జంటగా ఎవరూ రాకపోతే ఏడో నియమం ప్రకారం మండలికి ఏడాది పాటు తాళం వేయబడును అని చదివినట్టు చెప్పాడు. తప్పు నీదంటే నీదని ఇద్దరూ మళ్లీ కలబడ్డారు.

గంగన్న రెండు చేతులూ జోడించాడు. అతను గొంతెత్తి మాట్లాడటం ఆ రూములో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"మీ ఇద్దరికీ దండం. నేను పొద్దుగాల పోత, నా పీడ ఒడిసింది. ఈ రూముల ఇంక పదకొండుమంది ఉన్నరు. పరంజా గదే, ఎక్కుడు గదే. రేపు ఇంకొకడు పడ్తడు. వాడు ఎవలికి జెయ్యాలె? గది చెప్పుర్రి."

మంచాల మీద ఉన్నవాళ్లలో ఒకడు ఫ్యాను వైపు చూశాడు. గంగాప్రసాద్‌కు జీవితంలో మొదటిసారి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

నాలుగున్నరకు నర్సింగ్ పికప్‌లో ఇద్దరూ వాడి కబీర్‌లో ఓంకార్ ఇంటి వైపు వెళుతున్నారు. దారి పొడుగునా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఇద్దరూ కలిసి ఇచ్చే కాగితం మీద ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పేచీ. మందూబుల దగ్గర నా సంతకం చెల్లుతుంది, నిన్ను చూస్తే తలుపు వేసుకుంటారు అన్నాడు నర్సింగ్. అది నిజం. నిజం కాబట్టి గంగాప్రసాద్ పళ్లు నూరాడు. ఊదా కండువాలు మూడు డజన్లు, ఫోర్మన్ హోదా, ఇన్నాళ్ల పంతం, అన్నీ మింగి నీ వెనక నిలబడతాను, కానీ ఒక షరతు అన్నాడు.

"మండలి ఫోను నాకియ్యాలె. రాత్రీ పగలూ నా దగ్గర్నే ఉండాలె. నేను ఎత్తుత, యాడికి పోవాల్నో నేను జెప్త, నువ్వొచ్చి సంతకం పెట్టాలె. రాకుంటే ట్యాంకరెక్కి గుంజుకస్త."

నర్సింగ్ బేరమాడలేదు. జేబులోంచి ఫోను తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టేశాడు. నెత్తి మీది బస్తా దించినవాడిలా మెడ అటూ ఇటూ తిప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఇచ్చేసరికి తాను మోసపోయానేమోనని గంగాప్రసాద్‌కు అనుమానం వచ్చింది. అప్పటికే ఫోను మోగుతోంది.

ఓంకార్ ఇంట్లో ఫిర్యాదు చేయడానికి వచ్చిన రషీద్, శ్రీవాణి, ఖమరుద్దీన్ ఒకే సోఫాలో కూర్చుని ఉన్నారు. గంగాప్రసాద్ మీద కోపంలో ఆ ముగ్గురూ అప్పటికే స్నేహితులైపోయారు. ఖమరుద్దీన్ గోడ మీద కారే నీళ్లకు గొట్టం వేస్తానని రషీద్ మాట కూడా ఇచ్చాడట. గంగాప్రసాద్, నర్సింగ్ ఒకే తలుపులోంచి ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వచ్చేసరికి ముగ్గురూ నోళ్లు తెరిచారు. ఐదుకు నాలుగు నిమిషాలుంది. ఓంకార్ కాగితం తీసుకుని, రెండు సంతకాలూ పోల్చి చూసి, అధ్యక్షుడు నర్సింగ్, ఉపాధ్యక్షుడు గంగాప్రసాద్ అని పైకి చదివాడు. పోటీ లేదు కాబట్టి ఏకగ్రీవం అని కూడా అన్నాడు.

పొద్దుటి నుంచి ఒక ఉపాధ్యక్షుడి కోసం వెతికినవాడు తానే ఉపాధ్యక్షుడై నిలబడ్డాడు. సోఫాలోంచి ఎవరూ లేవలేదు. శ్రీవాణి టీచరు మాత్రం, "మైకులో అన్న మాట సంగతి వచ్చేసారి తేలుద్దాంలెండి," అంది. గంగాప్రసాద్ ఆవిడ వైపు, తర్వాత రషీద్ వైపు, చివరికి ఖమరుద్దీన్ వైపు చూశాడు. తప్పయింది అన్నాడు. ఎంత కోపంగా అన్నాడంటే, అది క్షమాపణ అని వాళ్లకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

మర్నాడు పొద్దున గంగన్న చక్రాల కుర్చీలో విమానమెక్కాడు. మండలి ఫోను ఇప్పుడు మొదటి రింగుకే లేస్తుంది. గంగాప్రసాద్ ముందు బాగా తిడతాడు, తిట్టడం అయ్యాక ఎక్కడున్నావని అడుగుతాడు.